తీర్పు నచ్చకపోతే ఫెడరల్ న్యాయమూర్తిని అభిశంసించి ఇంటికి పంపవచ్చా?

కాబోయే_నాన్న_డల్లాస్

జూన్‌లో మా ఇంట్లో కాన్పు ఉంది. మేమిద్దరమూ హెచ్‌1బి మీద ఉన్నాము. గ్రీన్‌కార్డు వరుసలో మా వంతు ఎప్పుడు వస్తుందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఈ ఏడాది, అంటే 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గాని గ్రీన్‌కార్డు గాని లేకపోతే, ఫిబ్రవరి 19 తరువాత ఇక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం రాదు. సియాటెల్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి దానిని నిలిపివేయడంతో కాస్త ఊపిరి పీల్చుకున్నాము. ఇప్పుడు వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది. ఆ న్యాయమూర్తిని కాంగ్రెస్ సభ్యులు అభిశంసించి వచ్చే వారమే తొలగిస్తారని, దానితో ఆయన ఉత్తర్వు కూడా రద్దవుతుందని అందులో చెబుతున్నారు. నిన్న రాత్రి తెనాలి నుంచి మామగారు ఫోన్ చేసి, "ఆ జడ్జీని పీకేస్తున్నారట కదా అల్లుడుగారూ, మరి మన పిల్ల సంగతేమిటి?" అని అడిగారు. నాకు సమాధానం తోచలేదు. నా సందేహాలు రెండు. ఇచ్చిన తీర్పు నచ్చలేదన్న కారణంతో న్యాయమూర్తిని తొలగించవచ్చా? ఒకవేళ తొలగిస్తే ఆయన ఇచ్చిన ఉత్తర్వు ఏమవుతుంది?

గుంటూరు_ప్లీడరు

రెండవ సందేహానికి ముందు సమాధానం చెబుతాను, ఎందుకంటే నిద్ర పట్టనివ్వనిది అదే. ఉత్తర్వు న్యాయస్థానానిది గాని న్యాయమూర్తి సొంతం కాదు. నేను ముప్పై ఏళ్లు గుంటూరులో ప్రాక్టీసు చేసి, ఇప్పుడు న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. బదిలీ అయిన జడ్జి ఇచ్చిన డిక్రీ, పదవీ విరమణ చేసిన జడ్జి ఇచ్చిన స్టే, కాలం చేసిన జడ్జి ఇచ్చిన తీర్పు, అన్నీ పై కోర్టు కొట్టివేసేదాకా అమలులోనే ఉంటాయి. అమెరికాలోనూ అంతే. న్యాయమూర్తి రేపు రాజీనామా చేసినా దస్త్రం మరొకరి బల్ల మీదికి వెళుతుంది తప్ప ఉత్తర్వు గాలిలో కలిసిపోదు.

ఇక మొదటి సందేహం. ప్రతినిధుల సభలో సామాన్య మెజారిటీతో అభియోగాలను ఆమోదిస్తే దానిని అభిశంసన అంటారు. అది చార్జిషీటు వంటిది మాత్రమే, శిక్ష కాదు. తరువాత సెనేట్ విచారణ జరిపి, హాజరైన సభ్యులలో మూడింట రెండు వంతుల మంది దోషి అంటేనే పదవి పోతుంది. దేశద్రోహం, లంచం, ఇతర ఘోర నేరాలు, దుష్ప్రవర్తన అన్నవి రాజ్యాంగం చెప్పిన కారణాలు. మన వార్తా చానెళ్లు అభిశంసన, తొలగింపు ఒకటే అన్నట్లు మాట్లాడటం వల్లనే సగం గందరగోళం పుడుతోంది.

సియాటెల్_సుజాత

డల్లాస్ గారూ, ఆ వీడియోలో విమానాలు కనిపిస్తున్నాయా? కనిపిస్తే అది మా ఊరి న్యాయమూర్తి గురించి కాదు.

కాబోయే_నాన్న_డల్లాస్

ఇప్పుడే మళ్లీ చూశాను. విమానాలు ఉన్నాయి. గుండు గీయించుకున్న ఖైదీలను వరుసగా కూర్చోబెట్టిన దృశ్యం కూడా ఉంది. మా పౌరసత్వానికీ వీటికీ ఏమి సంబంధమో అర్థం కాలేదు.

సియాటెల్_సుజాత

సంబంధం లేదు. రెండు కేసులను కలిపి కుట్టేశారు. మీ ఉత్తర్వును జనవరి 23న మొదట నిలిపివేసిన వారు సియాటెల్ న్యాయమూర్తి జాన్ కఫెనార్. ఆయనను 1981లో రోనాల్డ్ రీగన్ నియమించారు. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ పీఠం మీద ఉన్నా ఇంత స్పష్టమైన కేసు మరొకటి గుర్తుకు రావడం లేదని ఆ రోజు కోర్టులోనే అన్నారు. వీడియోలో ఉన్నది వాషింగ్టన్ డీసీ న్యాయమూర్తి జేమ్స్ బోస్‌బర్గ్ వ్యవహారం. మార్చి 15న, శనివారం సాయంత్రం, 1798 నాటి శత్రుదేశీయుల చట్టం కింద వెనిజులా వారిని ఎల్ సాల్వడార్‌కు పంపుతున్న విమానాలను వెనక్కు తిప్పమని ఆయన నోటిమాటగా ఆదేశించారు. విమానాలు తిరిగి రాలేదు. మంగళవారం నాటికి ఆయనను అభిశంసించాలని అధ్యక్షుడు బహిరంగంగా కోరారు. అదే రోజు టెక్సాస్ ప్రతినిధి బ్రాండన్ గిల్ అభియోగ తీర్మానాన్ని సభలో దాఖలు చేశారు.

మిరపకాయ_బజ్జీ

అంటే తెనాలి మామగారు పెళ్లికొడుకు ఒకరైతే పందిరి మరొకరి ఇంటి ముందు వేశారన్నమాట.

సూటిమాట

మామగారిని ఎగతాళి చేయడం సులువు. కానీ ప్లీడరు గారి జవాబులో ఒక లోపం ఉంది. "ఘోర నేరాలు, దుష్ప్రవర్తన" అంటే ఏమిటో రాజ్యాంగం ఎక్కడా నిర్వచించలేదు. నిర్వచించేది ప్రతినిధుల సభే. ఒక కాలంలో సభలోని మెజారిటీ దేనిని అభిశంసనకు తగిన నేరమనుకుంటే అదే నేరమని, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ మీద 1970లో దాడి చేస్తూ అప్పటి ప్రతినిధుల సభ సభ్యుడు, తరువాత అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్ సభలోనే తేల్చి చెప్పారు. ఎవరూ ఎన్నుకోని, జీవితాంతం కదిలించలేని ఒక జిల్లా న్యాయమూర్తి, కోట్ల మంది ఓటు వేసి గెలిపించిన అధ్యక్షుడి నిర్ణయాన్ని దేశమంతటా ఆపగలిగినప్పుడు, ఆ న్యాయమూర్తిని ప్రశ్నించే అధికారం ప్రజా ప్రతినిధులకు ఉండకూడదా? నేను పౌరుడిని, ఓటు వేసేవాడిని. ఈ సందేహం నాకు నిజంగానే ఉంది.

పాత_కాగితాలు

సూటిమాట గారూ, ఫోర్డ్ మాట నిజమే, కానీ కథలో సగం వదిలేశారు. డగ్లస్ మీద ఆ ప్రయత్నం కమిటీ గడప దాటలేదు. ఆయన 1975 దాకా పదవిలోనే కొనసాగారు. మీరు అడిగిన ప్రశ్నను ఈ దేశం 1805లోనే ఒకసారి గట్టిగా పరీక్షించింది.

శామ్యూల్ చేజ్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన వారిలో ఒకరు, నోటి దురుసు మనిషి, అధ్యక్షుడు ఆడమ్స్ నడిపిన ఫెడరలిస్టు పార్టీకి వీరాభిమాని. అధ్యక్షుడు ఆడమ్స్‌ను విమర్శిస్తూ రాసిన కాలెండర్ అనే పాత్రికేయుడి కేసులో ముందే మనసులో తీర్పు రాసుకుని కూర్చున్నట్లు వ్యవహరించారు. కాలెండర్‌కు తొమ్మిది నెలల జైలు, 200 డాలర్ల జరిమానా పడ్డాయి. ప్రత్యర్థి పార్టీకి చెందిన జెఫర్సన్ అధ్యక్షుడిగా గెలిచిన తరువాత, 1803లో బాల్టిమోర్‌లో గ్రాండ్ జ్యూరీని (నేరారోపణ చేయాలో లేదో తేల్చే పౌరుల బృందాన్ని) ఎదురుగా కూర్చోబెట్టుకుని కొత్త ప్రభుత్వం మీద రాజకీయ ఉపన్యాసం ఇచ్చారు. 1804 మార్చి 12న ప్రతినిధుల సభ 73-32 ఓట్లతో ఆయనను అభిశంసించింది.

విచారణ ఎలా జరిగిందో చూడండి. సెనేట్‌లో అధ్యక్ష స్థానంలో ఉన్నది ఉపాధ్యక్షుడు ఆరన్ బర్. కొద్ది నెలల ముందే ద్వంద్వ యుద్ధంలో రాజ్యాంగ నిర్మాతలలో ఒకరైన అలెగ్జాండర్ హామిల్టన్‌ను కాల్చి చంపి, రెండు రాష్ట్రాలలో నేరారోపణ ఎదుర్కొంటున్న మనిషి. హంతకుడు న్యాయమూర్తి ముందు నిలబడటం లోకరీతి, ఇక్కడ న్యాయమూర్తే హంతకుడి ముందు నిలబడ్డాడని అప్పట్లో చమత్కరించారు. 34 మంది సెనేటర్లలో 25 మంది జెఫర్సన్ పార్టీ వారే, కావలసినవి 23 ఓట్లు. లెక్క ప్రకారం చేజ్ పని అయిపోయినట్లే. జబ్బుతో మంచం పట్టిన కనెక్టికట్ సెనేటర్ యూరయా ట్రేసీని మోసుకొచ్చి మరీ ఓటు వేయించారు. ఎనిమిది అభియోగాలలో ఎక్కువ ఓట్లు పడినది బాల్టిమోర్ ఉపన్యాసం మీద, అదీ 19 మాత్రమే. సొంత పార్టీ వారే కనీసం ఆరుగురు, ఆయన మీద ఎంత ఒళ్లు మండినా, దోషి అనలేకపోయారు. ఆ తరువాత నేటి వరకు ఏ సుప్రీంకోర్టు న్యాయమూర్తినీ అభిశంసించలేదు.

మిరపకాయ_బజ్జీ

మంచంతో సహా సభకు తెచ్చారా! మా ఊరి పంచాయతీ ఎన్నికలలోనే ఇటువంటివి జరుగుతాయనుకున్నాను.

సూటిమాట

ఒక్క చేజ్ కథతో రాజ్యాంగ సూత్రం పుట్టదు. అదే 1804 మార్చి 12న, అదే సెనేట్ న్యూహాంప్‌షైర్ జిల్లా న్యాయమూర్తి జాన్ పికరింగ్‌ను తొలగించింది. ఆయన లంచం తీసుకోలేదు, దేశద్రోహం చేయలేదు. కాబట్టి నేరం లేకుండా కూడా తొలగించారు కదా?

పాత_కాగితాలు

మంచి ప్రశ్న. పికరింగ్ మతి చెడి, తాగి పీఠం మీద కూర్చుని కేకలు వేసేవారు. విచారణకు ఆయన రానే లేదు. తండ్రికి మతి స్థిమితం లేదని కొడుకు విన్నపం పంపారు. జబ్బుపడిన న్యాయమూర్తిని గౌరవంగా విశ్రాంతికి పంపే దారి అప్పటి చట్టంలో లేదు. కాబట్టి ఆ తొలగింపు ధర్మమా అన్న సందేహం ఆనాటి సెనేటర్లలోనే కొందరికి ఉండి, ఓటు వేయకుండా వెళ్లిపోయారు. అయితే ఆయనను తీసేసింది కూడా ఏదో తీర్పు నచ్చక కాదు, పీఠం మీద ప్రవర్తనకు.

గుంటూరు_ప్లీడరు

మొత్తం లెక్క కూడా చెప్పుకుందాము. ఈ రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్రలో ప్రతినిధుల సభ అభిశంసించిన ఫెడరల్ న్యాయమూర్తులు 15 మంది. సెనేట్ తొలగించినది 8 మందిని. నలుగురు నిర్దోషులుగా బయటపడ్డారు, ముగ్గురు ముందే రాజీనామా చేశారు. తొలగించిన వారి జాబితా చదివితే అందులో ఎక్కడా "తప్పు తీర్పు ఇచ్చినందుకు" అన్న మాట కనిపించదు. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం చేరిన టెనెసీ న్యాయమూర్తి హంఫ్రీస్, పన్ను ఎగవేసిన నెవాడా న్యాయమూర్తి క్లేబోర్న్, గ్రాండ్ జ్యూరీ ముందు అబద్ధమాడిన మిసిసిపీ న్యాయమూర్తి వాల్టర్ నిక్సన్, ఇటువంటివే అన్నీ.

న్యూజెర్సీ_ఆడిటర్

క్లేబోర్న్ విషయం నేను ఉద్యోగరీత్యా చదివాను. ఆయన 1986లో జైలులో ఉండి కూడా న్యాయమూర్తి జీతం తీసుకుంటూనే ఉన్నారు. ప్రవర్తన సరిగా ఉన్నంతకాలం పదవి, పదవి ఉన్నంతకాలం జీతం తగ్గించరాదు అని రాజ్యాంగంలో ఉంది. రాజీనామా చేయకపోతే సెనేట్ తీసేయాల్సిందే. టెక్సాస్ న్యాయమూర్తి శామ్యూల్ కెంట్ ఇంకొక అడుగు ముందుకు వేశారు. కోర్టు ఉద్యోగినుల మీద లైంగిక వేధింపుల కేసులో దర్యాప్తుకు అడ్డుపడినందుకు 2009లో 33 నెలల శిక్ష పడితే, మరుసటి ఏడాది జూన్ నుంచి అమలులోకి వచ్చేటట్లు రాజీనామా లేఖ ఇచ్చారు. అంటే జైలులో కూర్చుని ఏడాది జీతం. ప్రతినిధుల సభ వెంటనే అభిశంసించడంతో ఆ నెలాఖరుకే పదవి వదులుకున్నారు. న్యాయమూర్తులకు అభిశంసన అసలు అక్కరలేదనే వారికి ఈ రెండు కేసులు చూపించాలి.

సూటిమాట

అది నేను కూడా ఒప్పుకుంటాను. నా వాదన అది కాదు. హామిల్టన్ స్వయంగా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1788లో రాసిన ఫెడరలిస్ట్ 81వ వ్యాసంలో, న్యాయమూర్తులు శాసనసభ అధికారాన్ని ఆక్రమించుకోకుండా ఉంచే కాపలా అభిశంసనే అన్నారు. అంటే లంచాలకే కాదు, అధికార ఆక్రమణకు కూడా అది మందు అని రాజ్యాంగం రాసిన వారే చెప్పినట్లు.

పాత_కాగితాలు

ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన వాదనలలో బలమైనది ఇదే, కాబట్టి జాగ్రత్తగా చదవాలి. హామిల్టన్ అక్కడ మాట్లాడినది ఉద్దేశపూర్వకంగా, ఒకదాని తరువాత ఒకటిగా సాగే ఆక్రమణల వరుస గురించి. పై కోర్టు దిద్దగలిగిన ఒక మధ్యంతర ఉత్తర్వు ఆ కోవలోకి రాదు. బోస్‌బర్గ్ ఆదేశమూ అటువంటిదే, మీకు నచ్చినా నచ్చకపోయినా.

పైగా ఆ కాపలా పనిచేయలేదని అందరికంటే గట్టిగా విసుక్కున్నది జెఫర్సనే. చేజ్ బయటపడిన పధ్నాలుగేళ్లకు, 1819లో రాసిన ఒక ఉత్తరంలో, అభిశంసన కనీసం దిష్టిబొమ్మ పాటి కూడా కాదని తేల్చేశారు. నా దృష్టిలో ఆయన విసుగే ఈ ఏర్పాటు సరిగా పనిచేసిందనడానికి రుజువు.

గోదారి_గట్టు

దిష్టిబొమ్మను చూసి కాకులు మొదటి వారమే భయపడతాయి, తరువాత దాని నెత్తి మీదనే కూర్చుంటాయి. చేను చేసిన వాడిని, చెబుతున్నాను.

గుంటూరు_ప్లీడరు

గోదారి గట్టు గారి పోలిక బాగుంది కానీ ఇక్కడ నేను పూర్తిగా ఒప్పుకోలేను. తొలగింపు జరగకపోయినా బెదిరింపు తన పని తాను చేస్తుంది. నా సర్వీసులో ఒక కోర్టులో చూసిన సంగతి చెబుతాను. ఊరు చెప్పను. ఒక పలుకుబడి గల నాయకుడి స్థలం వివాదంలో జడ్జి గారు స్టే ఇచ్చారు. మరుసటి వారం నుంచి ఆయన మీద ఆకాశరామన్న ఉత్తరాలు మొదలయ్యాయి. ఒక్కదానిలోనూ పస లేదని విచారణలో తేలింది. కానీ ఆ ఆరు నెలలు ఆయన ప్రతి ఉత్తర్వునూ రెండుసార్లు చదివి, పెన్ను ఎత్తి, మళ్లీ దించి, వాయిదా వేయడం నేను ఎదురుగా నిలబడి చూశాను. ఆ వాయిదాలలో నష్టపోయినది కక్షిదారులు.

సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ మార్చి 18న ఇచ్చిన ప్రకటనను నేను ఈ వెలుగులోనే చదివాను. న్యాయ నిర్ణయంతో విభేదించినప్పుడు అభిశంసన తగిన స్పందన కాదన్నది రెండు శతాబ్దాలకు పైగా స్థిరపడిన విషయమని, అందుకోసం అప్పీలు ఉన్నదని ఆయన అన్నారు. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరమూ లేకపోయింది.

సియాటెల్_సుజాత

ప్లీడరు గారి మాటకు తోడుగా ఇంకొకటి. బోస్‌బర్గ్‌ను "ఒబామా జడ్జి" అని ఈ వీడియోలో నాలుగుసార్లు అన్నారు. ఆయనను మొదట స్థానిక డీసీ కోర్టుకు 2002లో నియమించింది జార్జి బుష్. ఫెడరల్ కోర్టుకు 2011లో ఒబామా పంపితే సెనేట్ 96-0తో ఆమోదించింది. మా ఊరి న్యాయమూర్తి రీగన్ నియమించిన వారని ముందే చెప్పాను. ఫలానా పార్టీ జడ్జి అన్న ముద్ర చూసి ఎవరు ఏ తీర్పు ఇస్తారో ఊహించడం ఈ రెండు కేసులలోనూ కుదరదు.

హైదరాబాదు_నుంచి

మన దేశంలో ఇంతకంటే కష్టమని విన్నాను, నిజమేనా? ఇక్కడ ఈ వారమంతా ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి ఇంట్లో కాలిన నోట్ల కట్టల గురించే మాట్లాడుకుంటున్నారు.

గుంటూరు_ప్లీడరు

ఆ విషయంలో విచారణ ఇప్పుడే మొదలైంది కాబట్టి నేను ఏమీ అనను. పద్ధతి మాత్రం వేరు. అమెరికాలో ప్రతినిధుల సభలో ఒక్క సభ్యుడు తలచుకుంటే తీర్మానం దాఖలు చేయవచ్చు. గిల్ గారు చేసినది అదే, అందుకే అంత తేలికగా వార్త అయింది. మన దగ్గర లోక్‌సభలో 100 మంది గాని రాజ్యసభలో 50 మంది గాని సంతకాలు చేయాలి. స్పీకరో చైర్మనో అంగీకరించాలి. ముగ్గురు సభ్యుల కమిటీ విచారించాలి. ఆ పైన ఉభయ సభలలోనూ ప్రత్యేక మెజారిటీ కావాలి. 2018లో ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా మీద వచ్చిన నోటీసును మన వెంకయ్యనాయుడు గారు రాజ్యసభ చైర్మన్‌గా మొదటి మెట్టు దగ్గరే తిరస్కరించారు. 1993లో వి.రామస్వామి విషయంలో కమిటీ తప్పు పట్టినా, లోక్‌సభలో 196 మంది అనుకూలంగా ఓటు వేసి, 205 మంది ఓటు వేయకుండా కూర్చోవడంతో తీర్మానం వీగిపోయింది. వ్యతిరేకంగా ఒక్క ఓటు పడలేదు, అయినా ఆయన మిగిలిపోయారు!

మిరపకాయ_బజ్జీ

ఎవరూ వద్దనలేదు, కానీ అవునన్న వారు చాలలేదు. మా అన్నయ్య పెళ్లిచూపులు అచ్చం ఇలాగే ముగిశాయి.

న్యూజెర్సీ_ఆడిటర్

అమెరికాకే తిరిగి వస్తే, ఇప్పుడు సెనేట్‌లో రిపబ్లికన్లు 53 మంది. వందమందీ హాజరైతే కావలసినది 67. అవతలి పార్టీ నుంచి 14 మంది కలవాలి. చేజ్ కాలంలో మూడింట రెండు వంతులు చేతిలో ఉండి కూడా కుదరనిది, ఇప్పుడు కుదురుతుందని నేను అనుకోను. 2010లో లూసియానా న్యాయమూర్తి థామస్ పోర్టియస్ కేసు చూడండి. తన ముందు కేసు నడుస్తున్న లాయరు దగ్గర కవరులో రెండు వేల డాలర్ల నగదు తీసుకున్నారు. "ఆర్టస్" అన్న తప్పుడు పేరుతో దివాలా పిటిషన్ వేశారు. అటువంటి మనిషి మీద మొదటి అభియోగానికి 96-0 వచ్చింది. రెండు పార్టీలు కలవాలంటే అంత పచ్చిగా ఉండాలి.

సూటిమాట

పోర్టియస్‌కు 96-0 సరే. ఆల్సీ హేస్టింగ్స్ సంగతి ఎవరూ ఎత్తరేమి? లంచం కేసులో 1983లో జ్యూరీ నిర్దోషి అన్నది. అయినా 1989లో సెనేట్ తొలగించింది. 1992లో ఫ్లోరిడా ప్రజలు ఆయననే ప్రతినిధుల సభకు ఎన్నుకున్నారు, 2021లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఏ సభ అభిశంసించిందో ఆ సభలోనే కూర్చుని మరొకరి అభిశంసన మీద ఓటు వేశారు. దీనిని బట్టి ఇది న్యాయ విచారణ కాదు, రాజకీయ విచారణ అని తేలడం లేదా?

పాత_కాగితాలు

తేలుతోంది, నేను కాదనడం లేదు. విచారణ పద్ధతి మీద వాల్టర్ నిక్సన్ సుప్రీంకోర్టుకు వెళితే, సెనేట్ ఎలా విచారించాలో చెప్పడం తమ పని కాదని 1993లో కోర్టే తలుపు మూసింది. అంటే దీని మీద అప్పీలు లేదు. అప్పీలు లేని ఆయుధాన్ని, అప్పీలు ఉన్న తీర్పు మీద వాడకూడదన్నదే నేను మొదటి నుంచి చెబుతున్నది. ఒక్క జిల్లా న్యాయమూర్తి దేశమంతటికీ స్టే ఇవ్వడం మీ అభ్యంతరమైతే దానికి చట్టం చేయవచ్చు. 1831లో అదే చేశారు. తన తీర్పును పత్రికలో విమర్శించిన లాయరును మిస్సోరీ న్యాయమూర్తి జేమ్స్ పెక్ కోర్టు ధిక్కారం కింద 24 గంటలు జైలులో పెట్టించి, 18 నెలలు ప్రాక్టీసు ఆపించారు. సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో ఆయనను దోషి అన్న వారే తక్కువయ్యారు, 21-22. ఆయన పదవి పోలేదు గాని, ఆ వెంటనే కాంగ్రెస్ ధిక్కార అధికారాన్నే కత్తిరిస్తూ చట్టం చేసింది. మనిషిని వదిలి అధికారాన్ని పట్టుకున్నారు.

సూటిమాట

పెక్ సంగతి నాకు తెలియదు. దేశవ్యాప్త స్టేల మీద చట్టం రావాలన్నది నా మొదటి కోరిక, అభిశంసన రెండవది. వరుస మార్చి మాట్లాడాననుకోండి. అయినా రెండవదానిని పూర్తిగా వదులుకోను.

కాబోయే_నాన్న_డల్లాస్

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మామగారికి ఫోన్‌లో పెక్ గారి దాకా చెప్పుకొచ్చాను. అంతా విని, "సరే, సియాటెల్ ఆయన పోయినా ఉత్తర్వు ఉంటుంది. మరి పై కోర్టు కొట్టేస్తే?" అని అడిగారు. ఆయన ముందు నేను మళ్లీ గుటకలు మింగాను.

గుంటూరు_ప్లీడరు

మీ మామగారు ప్లీడరు కావలసిన మనిషి. సరైన చోట వేలు పెట్టారు. ఫిబ్రవరి 19న అప్పీలు కోర్టు ఆ నిలుపుదలను ఎత్తివేయడానికి ఒప్పుకోలేదు, మార్చి 13న ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. మీరు చూడవలసినది ఆ వాయిదా, కాంగ్రెస్‌ను కాదు. ఇంకొక సంగతి, ఈ ఉత్తర్వును ఆపినది సియాటెల్ ఒక్కటే కాదు. మేరీలాండ్, మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ జిల్లా న్యాయమూర్తులు కూడా ఫిబ్రవరిలోనే వేరు వేరు కేసులలో నిలుపుదల ఇచ్చారు, న్యూహాంప్‌షైర్‌ది మాత్రం పరిమితమైనది. మీ వీసా కాగితాలన్నీ ఒక దస్త్రంలో పెట్టుకుని, మీ లాయరును కాన్పు తేదీకి ముందే ఒకసారి కలవండి.

కాబోయే_నాన్న_డల్లాస్

శుక్రవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. మామగారు కూడా ఫోన్‌లో ఉంటారట, తన ప్రశ్నలు కాగితం మీద రాసుకుంటున్నారు. ఆ వీడియోను మాత్రం మా కుటుంబం గ్రూపులో పంపినది ఆయనేనని ఇప్పుడే మా ఆవిడ చెప్పింది.